కాలవ బంగళా వెనక అరుగు మీద పానకం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పుడూ లేదు. ఇట్లాంటి అనుభవాలు రాసేవాళ్లందరూ మొదట ఇదే మాట అంటారని నాకు తెలుసు. చదివినప్పుడల్లా నవ్వుకున్నాను కూడా. కానీ నేను మాట వరసకు అనడం లేదు. ప్రభుత్వ పాఠశాలల్లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరైన దాన్ని. పిల్లలు ఏం చెప్పినా "ఆధారం ఏంది?" అని అడగడం అలవాటైపోయింది. దానివల్ల బంధువుల్లో నాకు కొంచెం చెడ్డపేరే ఉంది. పెళ్లి ఇంట్లో ఎవరైనా తాతల కాలం గొప్పలు చెప్తూ నన్ను చూస్తే మాట మార్చేస్తారు.

అందుకే ఈ సంగతి రాయడానికి వెనకాడుతూ వచ్చాను. ఇది ఎవరినీ నమ్మించడానికి కాదు. మా అత్త విషయంలో నాకు మిగిలిపోయిన బాధ ఎవరితో చెప్పుకోవాలో తెలియక రాస్తున్నాను.

కోయిలకుంట్ల నుంచి జమ్మలమడుగు వైపు పోయే దారిలో ఒక ఊరి బయట తెల్లదొరల కాలం నాటి బంగళా ఉంది. ఊరి పేరు రాయను. అక్కడ ఉద్యోగం చేసేవాళ్లకు నా వల్ల ఇబ్బంది రాకూడదు. మా వైపు దాన్ని కాలవ బంగళా అంటారు. కాలవ పనులు చూడడానికి గుర్రాల మీద వచ్చే ఇంగ్లీషు ఇంజనీర్లు దిగడానికి కట్టించుకున్న ఇల్లు అది. మూరెడుకు మించిన మందం గోడలు, చుట్టూ వరండా, నున్నగా అరిగిన నల్ల కడప బండలు. మండు వేసవిలో బయట కాళ్లు కాలుతున్నా లోపల అడుగుపెడితే చల్లగా ఉంటుంది.

దొరలు పోయాక అది ప్రభుత్వ అధికారులు దిగే గెస్ట్‌హౌస్ అయింది. తర్వాత అధికారులు ఏసీ గదులకు అలవాటు పడ్డారు. బంగళాలోకి గబ్బిలాలు, మేకలు, పేకాట రాయుళ్లు వచ్చారు. తలుపులు ఎవరో ఊడబీక్కుపోయారు. ఇక కూలిపోతుందనుకున్న సమయంలో దాన్ని పాతకాలపు కట్టడంగా కాపాడాలని పైనుంచి ఉత్తర్వులు వచ్చాయి. కర్నూలు నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చి పని మొదలుపెట్టించాడు. సిమెంటు వాడకుండా పాత పద్ధతిలోనే సున్నాన్ని గానుగాడించి, అందులో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి గోడలకు పూశారు. ఊరివాళ్లకు అది పెద్ద వినోదమైంది. "మనకు చక్కెర పొంగలి లేదు గానీ గోడలకు పాయసం తాపుతాండారు" అని నవ్వుకునేవాళ్లు.

ఆ బంగళాతో మా ఇంటికి పాత సంబంధం ఉంది. మేం ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లింలం. మా నాయన వైపు వాళ్లు ఆ బంగళాకు తోలు తిత్తులతో నీళ్లు మోసేవాళ్లు. బావి కాస్త దూరంలో ఉండేది. దొరల స్నానానికి, వంటకు, గుర్రాలకు మొత్తం నీళ్లు వీళ్ల వీపుల మీదే వచ్చేవి. తర్వాత గొట్టాలు వచ్చాయి, తిత్తులు పోయాయి. మా నాయన ఆ బంగళాకే వాచ్‌మన్‌గా ఉండి అందులోనే రిటైరయ్యాడు.

బంగళా వెనక వంటిల్లు విడిగా ఉండేది. దానికీ బంగళాకూ మధ్య వరండాలో ఒక రాతి అరుగు. అరుగు మీద బండలో కుండ కుదురుకోవడానికి గుండ్రంగా ఒక గుంట చెక్కి ఉంటుంది. నీళ్లబాన అక్కడ ఉండేది. మొహర్రం నెల పదోనాడు, అంటే పీర్ల పండగ చివరి రోజు, ఆ గుంటలో పానకం బిందె పెట్టి దారిన పోయే ప్రతి మనిషికీ పోయడం మా ఇంటి ఆచారం. కర్బలా యుద్ధంలో దాహంతో చనిపోయినవాళ్ల పేరు మీద పోసే పానకం అది. మా జిల్లాల్లో పీర్ల పండగకు పానకం పోయడం అన్ని ఊళ్లలోనూ ఉంది. హిందువులు కూడా మొక్కుకొని పోస్తారు. కానీ వాళ్లంతా పీర్ల చావిడి దగ్గర పోస్తారు. మా ఇంటివాళ్లు మాత్రం ఊరు విడిచి వచ్చి ఆ బంగళా వెనక అరుగు మీదే పోయాలి.

ఎందుకని అడిగితే ఇంట్లో రెండు కథలు చెప్పేవాళ్లు. పెద్ద కరువులో ఒక తల్లి పిల్లను చంకన వేసుకొని నీళ్లకు వస్తే, దొర ఇంట్లో ఉన్నాడని భయపడి మా తాతల్లో ఎవరో తర్వాత రమ్మన్నాడట. ఆమె మళ్లీ రాలేదట. ఆ పాపం కడుక్కోవడానికి ఇది మొదలైందని మా నాయన చెప్పేవాడు. మా మేనత్త హుసేనమ్మ దీన్ని ఒప్పుకునేది కాదు. "మనోళ్లు నీళ్లు లేదంటారా యాడన్నా?" అని కోప్పడేది. దొరే మొదటి గ్లాసు తాగి మెచ్చుకున్నాడని, అరుగు మీద ఆ గుంట ఆయనే చెక్కించాడని ఆమె కథ. రెండింటికీ ఆధారం లేదు. నేను రెండూ విని ఊరుకునేదాన్ని.

మా నాయన పోయాక ఆ పని మా అత్త చేతికి వచ్చింది. ఊళ్లో ఆమెను పానకం ఉసేనమ్మ అనేవాళ్లు. ముందురోజే బెల్లం నానబెట్టి, పల్చటి గుడ్డలో వడగట్టి, శొంఠి, యాలకులు, మిరియాలు నూరి వేసి, సబ్జా గింజలు కలిపేది. ముల్లా వచ్చి ఫాతెహా ప్రార్థన చదివాక బిందె చంకనెత్తుకొని పొలాలకు అడ్డం పడి బంగళాకు నడిచేది. మేకలు కాసేవాళ్లు, ట్రాక్టర్ల వాళ్లు, ఆ పక్క రైల్వే పట్టాల మీద పనిచేసే కూలీలు, అందరికీ ఆ రోజు తెలుసు. ఎవరని, ఏ కులమని ఆమె అడిగేది కాదు. గ్లాసు చేతిలో పెట్టి "కూకోని తాగప్పా" అనేది.

ఆ పానకాన్ని ఎవరూ వద్దనరు. ఒంట్లో బాగాలేనివాళ్లు కూడా ఒక చుక్క నాలుక మీద వేసుకొని గ్లాసు కళ్లకద్దుకుంటారు. నాకు షుగర్ వచ్చినప్పటి నుంచి అత్త నాకు గ్లాసు అడుగున గుక్కెడే పోసేది. "నీ డాక్టరుకు చెప్పాకు" అని నవ్వేది. ప్రతి ఏటా ఆ గుక్కెడు తాగడానికి నేను ఎక్కడున్నా ఊరికి వచ్చేదాన్ని. నమాజు కూడా సరిగా చేయని దాన్ని, దానికి మాత్రం తప్పకుండా వచ్చేదాన్ని. ఎందుకంటే అది మా అత్త చేతిది.

బంగళా పని పూర్తయ్యే సమయానికి ఇంజనీరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ముందు గదిలో పెద్ద బోర్డు పెడుతున్నామని, అందులోకి బంగళా చరిత్ర రాసివ్వమని అడిగాడు. నాకు గర్వంగానే అనిపించింది. గెజిటీర్లు, పాత కాలవ పటాలు తిరగేసి రాశాను. ఎవరు కట్టించారు, రాయి ఎక్కడిది, టేకు ఎక్కడిది, కప్పు ఎట్లా వేశారు, అంతా రాశాను. వెనక అరుగు గురించి "నీటి కుండ ఉంచు స్థలం" అని ఒక్క ముక్క రాశాను. పానకం గురించి రాయలేదు. రెండు కథల్లో ఏది రాసినా ఆధారం చూపించలేను కదా అనుకున్నాను.

మా అత్తకు బోర్డు సంగతి పట్టలేదు. ఆమె దిగులంతా గేటు గురించి. పని మొదలైనప్పటి నుంచి బంగళా చుట్టూ కొత్త ప్రహరీ లేచింది. వెనక పక్క దారి మూసేశారు. ముందు గేటు దగ్గర కాపలా పెట్టారు. అరుగు చుట్టూ తాడు కట్టి, తాకరాదని అట్ట తగిలించారు.

"మాబూ, ఆ ఇంజనీరు నీ మాట ఇంటాడు. ఒక్క పూట గేటు తీయమని చెప్పు" అని అడిగింది అత్త. మా ఇంట్లో నన్ను మాబూ అని పిలిచేది ఇక ఆమె ఒక్కతే. "నేను లోపలికి యాడికీ పోను. అరుగు మీద కూకోని పోసేసి వచ్చేస్తా."

నేను అడిగాను. ఇంజనీరు మంచివాడే. తల గోక్కుని, ప్రారంభోత్సవం కాకముందు ఎవర్నీ రానివ్వకూడదని, తర్వాత అర్జీ పెడితే చూద్దామని అన్నాడు. పైగా ప్రారంభోత్సవం కూడా అదే రోజు పెట్టారు. మొహర్రానికి సెలవు కాబట్టి జనం వస్తారని వాళ్ల ఆలోచన. బెల్లం నీళ్లు కొత్తగా శుభ్రం చేయించిన బండల మీద పడితే చీమలు పడతాయని కూడా ఒక మాట అన్నాడు. బెల్లం పూసిన గోడల ముందు నిలబడి ఆ మాట అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ నేను గట్టిగా వాదించలేదు.

"ఈ ఏడు చావిడి దగ్గర పోద్దాం అత్తా. వచ్చే ఏడు బంగళాలో పోద్దువులే" అన్నాను.

"వచ్చే ఏటికి నేనుంటానని నీ దగ్గర ఏమన్నా ఆధారముండాదా?" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. 

పండగకు కొన్ని రోజుల ముందు అత్త వాకిలి ఊడుస్తూ పడిపోయింది. పక్షవాతం. కుడిపక్క పడిపోయింది. కర్నూలు ఆసుపత్రిలో చేర్చారు. ఆమె కూతురు ఫాతిమా దగ్గరుండి చూసుకుంది. నేనూ రోజూ వెళ్లేదాన్ని. మాట ముద్దగా వచ్చేది గానీ తెలివి బాగానే ఉంది. నా చెయ్యి ఎడమ చేత్తో పట్టుకొని "బెల్లం నానేసినారా?" అని అడిగేది. "నానేసినాంలే మా, నువ్వు పండుకో" అని ఫాతిమా చెప్పేది. నిజానికి ఊళ్లో ఇంటికి తాళం వేసి ఉంది. ఆ ఏడు మా ఇంటి నుంచి పానకం లేదు.

డాక్టర్లు గండం గడిచినట్టే, మెల్లగా కోలుకుంటుంది అన్నారు. అందుకే పదోనాడు నేను ప్రారంభోత్సవానికి వెళ్లాను. "నువ్వు పో వదినా, నీ పేరు కార్డులో వేసినారంట గదా" అని ఫాతిమానే పంపింది. బంగళా చరిత్ర గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అత్త అప్పుడు నిద్రలో ఉంది. లేపలేదు.

ఆ రోజు ఎండ మామూలుగా లేదు. వానలు మొహం చాటేసిన ఏడు అది. బంగళా మాత్రం చూడముచ్చటగా ఉంది. తెల్లటి సున్నం, ఆకుపచ్చ కిటికీలు, తుడిచిన నల్లబండలు. కోయిలకుంట్ల నుంచి, జమ్మలమడుగు నుంచి, ఎర్రగుంట్ల నుంచి కూడా జనం వచ్చారు. మా ఊరివాళ్లు మాత్రం దాదాపు ఎవరూ రాలేదు. పీర్లను ఊరేగింపుగా నీళ్లకు తీసుకుపోయే రోజు కదా, ఊరంతా చావిడి దగ్గరే ఉంది. డప్పుల చప్పుడు పొలాల మీదుగా వినిపిస్తూనే ఉంది.

రిబ్బను కత్తిరించారు. ముందు వరండాలో కుర్చీలు వేశారు. పెద్దలు మాట్లాడాక నన్ను లేపారు. బంగళాకు రాగానే ఫోను సైలెంటులో పెట్టి సంచిలో వేసేశాను, మళ్లీ చూడలేదు. లేచి మాట్లాడాను. చాలాసేపే మాట్లాడాను. మధ్యలో జనం లేచి వెనక్కి వెళ్లి వస్తున్నారు. కొందరి చేతుల్లో స్టీలు గ్లాసులు కనిపించాయి. ఏర్పాటు చేసినవాళ్లు ఏదో చల్లటిది పోయిస్తున్నారనుకున్నాను.

మాట్లాడడం అయ్యాక ఒకామె నా దగ్గరికి వచ్చింది. పేరు లక్ష్మీదేవి. ఎర్రగుంట్ల. భర్త సిమెంటు లారీ నడుపుతాడు. పిల్లల్ని తీసుకొని సరదాగా రైల్లో వచ్చారు. కూతురు పదో తరగతి, సోషల్‌లో సందేహాలు అడుగుతుందని నా నంబరు తీసుకుంది. ఆ కూతురు మా ఇద్దరికీ ఫోటో కూడా తీసింది. అప్పుడు లక్ష్మీదేవి తన చేతిలో ఉన్న గ్లాసు నా ముందు పెట్టి, "ఎనకాల అవ్వ మీకియ్యమన్యాది మేడం" అంది.

గ్లాసులోకి చూశాను. అడుగున కొంచెమే ఉంది. ఎవరో తాగగా మిగిలిన ఎంగిలేమో అనుకున్నాను. పక్కన ముఖ్య అతిథి ఉన్నాడు, ఇంకెవరో మాట్లాడించడానికి కాచుకొని ఉన్నారు. మొహం చిట్లించకుండా జాగ్రత్తపడి, "నాకు షుగరమ్మా, వద్దు" అన్నాను. ఆమె ఇంకేదో చెప్పబోయింది. నేను అటు తిరిగిపోయాను.

నా జీవితంలో నేను ఎన్నోసార్లు గుర్తు చేసుకునేది ఆ ఒక్క క్షణమే. అడుగున గుక్కెడు పోసిన గ్లాసు అది. పదోనాడు. ఆ అరుగు ఉన్న ఇంట్లో. లోకంలో నాకట్లా పోసేది ఒక్కరే. అయినా నాకు తట్టలేదు. అత్త కర్నూలులో మంచం మీద ఉందన్నది ఒక్కటే నా బుర్రలో ఉంది కాబట్టి తట్టలేదు.

కాసేపటికి సంచిలోంచి ఫోను తీశాను. ఫాతిమా నుంచి వరసగా ఫోన్లు వచ్చి ఉన్నాయి. చేస్తే ఏడుపు గొంతుతో ఎత్తింది.

"యాడుండావు వదినా? పొద్దున్నించి చేస్తాండా నీకు. అమ్మ పోయినాది."

నేను ఆసుపత్రి నుంచి బయల్దేరిన తర్వాత, సభ మొదలు కాకముందే అత్త పోయింది. నిద్రలోనే పోయిందట. ఎవరికీ చెప్పకుండా, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా గేటు బయటికి పరుగెత్తి కారెక్కాను. దారంతా నాకు ఏమీ గుర్తులేదు. సాయంత్రానికి అత్తను ఊరికి తెచ్చాం. పీర్లతో నీళ్లకు పోయి వచ్చిన జనమే ఆమె జనాజా మోయడానికి వచ్చారు.

దినాలు అయ్యాక ఒక పొద్దున ఇంజనీరు ఫోన్ చేశాడు. అత్త పోయిన సంగతి అతనికి తెలియదు. "మేడం, ఆ రోజు చెప్పకుండా వెళ్లిపోయారు. పానకం ఏర్పాటు చేసినందుకు థాంక్స్. నేను కాదన్నా మీరు పోయించడమే మంచిదైంది. మీ అత్తగారు చాలా బాగా చేశారు" అన్నాడు.

ఏ అత్త అని అడిగాను.

పెద్దావిడ, బక్కగా ఉంది, చుక్కల చీర, తలమీద కొంగు అన్నాడు. తాడు అవతల అరుగు మీద కూర్చొని ఉంది, పక్కన బిందె, పెద్దావిడ కదా అని తనేమీ అనలేదన్నాడు. తనూ తాగాడట. ఆమెను అతను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. తర్వాత కాస్త తటపటాయించి, "ఎడమ చేత్తో ఇస్తోంది మేడం అందరికీ. కుడి చెయ్యి కొంగు కింద పెట్టుకొని. అది కొంచెం వింతగా అనిపించింది" అన్నాడు.

మా వైపు తినేదీ తాగేదీ ఎవరూ ఎడమ చేత్తో ఇవ్వరు. చిన్నపిల్లలు ఇచ్చినా చెయ్యి మార్చమంటాం. మా అత్త ఈ విషయంలో నా వీపు మీద కొట్టింది కూడా.

నేను ఫోను పెట్టేశాను. తర్వాత నా పాత అలవాటు లేచింది. విచారించాను.

కాపలా మనిషిని అడిగాను. కాంట్రాక్టు మీద వచ్చిన కొత్తవాడు, మా ఊరివాడు కాదు. ఆమె గేటులోంచి వచ్చిందా అంటే చూడలేదన్నాడు. "నేను పోయేతలికే కూకోనుండె మేడం. మీ తాలూకేమో అనుకుంటి" అన్నాడు. గేటు తప్ప లోపలికి వేరే దారి లేదు. ప్రహరీ ఎత్తు నాకంటే ఎక్కువ.

ఊళ్లో అడిగాను. మా ఆచారం తెలిసినవాళ్లు ఎవరైనా, హుసేనమ్మ ఆసుపత్రిలో ఉంది పాపం అని ఆమె బదులు పోశారేమో అని ఇంటింటికీ తిరిగాను. అది నిజమైతే ఎంత బాగుండునో అనుకుంటూ తిరిగాను. ఆడవాళ్లందరూ చావిడి దగ్గరే ఉన్నామన్నారు. ఒకరికొకరు సాక్ష్యం. ఎవరైనా మొహమాటపడి దాచి ఉండొచ్చు. ఆ అవకాశాన్ని నేను కొట్టిపారేయడం లేదు.

ఫాతిమా దగ్గర తాళం తీసుకొని అత్త ఇల్లు తెరిచాను. పానకం బిందె ఎప్పటిలాగే అటక మీద బోర్లించి ఉంది. దాని మీద దుమ్ము ఉంది. పండగకని కొన్న బెల్లం అచ్చు డబ్బాలో కాగితం కూడా విప్పకుండా ఉంది. బిందె తడిగా ఉండాలని, బెల్లం తరిగి ఉండాలని నేనెంత కోరుకున్నానో చెప్పలేను. అట్లాంటిదేమీ లేదు.

లక్ష్మీదేవి కూతురు ఆ ఫోటో వాట్సాప్‌లో పంపి ఉంది. అందులో నేను, ఆమె, ఆమె చేతిలో గ్లాసు. మామూలు స్టీలు గ్లాసు. అట్లాంటివి ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. దాన్ని ఆధారమని నా క్లాసులో ఎవరైనా చూపిస్తే నేనే ఒప్పుకునేదాన్ని కాదు.

ఇంజనీరుకు చివరికి నిజం చెప్పాను.  అతను అరుగు చుట్టూ తాడు తీయించేశాడు. బోర్డులో ఏమైనా చేర్చమంటారా మేడం అని అడిగాడు. ఏం చేర్చాలో నాకు తెలియలేదు. తీరిగ్గా కూర్చొని అత్త చెప్పే కథ ఒక్కసారి పూర్తిగా వినివుంటే, ఆ దొర కథ అయినా సరే, రాయడానికి నాకు ఏదో ఒకటి ఉండేది. తిత్తులు మోసినవాళ్ల పేర్లు ఆమెకు తెలుసు. నాకు మా తాత పేరు దాటి తెలియదు. ఆ ఇంటి చరిత్ర రాసిన దాన్ని నేను, మా సొంతవాళ్ల పేర్లే అందులో లేవు. ఇప్పుడు అడగడానికి ఎవరూ మిగల్లేదు.

చాలా రోజులు లక్ష్మీదేవికి ఫోన్ చేయడానికి ధైర్యం రాలేదు. ఆ గ్లాసు ఏమైందో తెలుసుకోవాలని ఉంది, తెలుసుకోవాలంటే భయంగానూ ఉంది. చివరికి ఒకరోజు రైలెక్కి ఎర్రగుంట్లకు పోయాను. ఆ వీధిలో చెట్ల ఆకుల మీద కూడా సిమెంటు దుమ్ము. ఆమె నన్ను చూసి సంబరపడింది. టీ చక్కెర లేకుండా పెట్టింది. నేను వద్దన్న మాట గుర్తుపెట్టుకొని ఉంది.

అవ్వ ఎవరో, ఏమైందో నేను చెప్పలేదు. ఆ రోజు నేను వద్దన్నాక ఆ గ్లాసు ఎవరికిచ్చావమ్మా అని మాత్రం అడిగాను.

"ఎవురికీ ఇయ్యలేదు మేడం. అవ్వకే తిరిగిచ్చేస్తి. షుగరంట, వద్దన్యాదవ్వా అంటే, 'తెలుసుమ్మా, అందుకే గుక్కెడు పోసినా' అన్యాది" అంది లక్ష్మీదేవి.

ఆ తర్వాత?

"మా పాప తాగుతాలే అని చెయ్యి సాపింది. ఇయ్యలేదు మేడం. 'ఇది ఆ యమ్మది' అని పక్కన పెట్టుకున్యాది. పాపకు వేరే గలాసులో పోసింది. పనిలో ఉన్నట్టుండాది, అయినాక వస్తాదిలే అన్యాది."

 ఆమెకు అర్థం కాలేదు. నేను కళ్లు తుడుచుకుంటుంటే కంగారుపడి నీళ్లు తెచ్చిచ్చింది.

"మేము రైలుకు లేటవుతాదని లేచినపుడు కూడా ఆడనే ఉండె మేడం" అంది. "బిందె ఐపోయింది. జనం కూడా పోయినారు. గలాసు పక్కన పెట్టుకోని, మీరొచ్చే దావకల్లా సూస్కుంటా కూకోనుండె. మీరు పోల్యా?"

ఇది ఏమిటో నాకు తెలియదు. ఎంతమందిని అడిగినా, ఎన్నివిధాల ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. దయ్యాలను నమ్మమని ఎవరికీ చెప్పను. లక్ష్మీదేవి అడిగినదానికి మాత్రం జవాబు చెప్పాను. పోలేదమ్మా అన్నాను. ఆ సమయానికి నేను మా అత్తను చూడాలని ముందు గేటు దాటి కారెక్కి కర్నూలుకు పరుగెత్తుతున్నాను.